డిస్లెక్సియా ఉన్న పాపకు తెలుగు పాఠం ఎట్లా అచ్చువేయాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. చిన్న డీటీపీ, జిరాక్స్ అంగడి నడుపుతున్నాను. మా అక్క కూతురు అయిదో తరగతి చదువుతోంది. మాటల్లో, లెక్కల్లో చురుకే కానీ పుస్తకం పట్టిస్తే కూడబలుక్కుంటుంది, వరుసలు దాటేస్తుంది, ఒత్తులు వదిలేస్తుంది. కర్నూలులో చూపిస్తే డిస్లెక్సియా అన్నారు. ఇంగ్లీషుకు ఓపెన్‌డిస్లెక్సిక్ అనే ప్రత్యేక ఫాంటు ఉందని తెలిసి దించుకున్నాను. తెలుగుకు అలాంటిది దొరకలేదు. పాపకు పాఠాలన్నీ నేనే కొట్టి అచ్చేసి ఇద్దామనుకుంటున్నాను. ఏ ఫాంటు వాడాలి, ఎంత సైజు పెట్టాలి? మా దగ్గరున్న అను ఫాంట్లతో (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) సరిపోతుందా? నీలం ప్లాస్టిక్ షీటు పేజీమీద పరిచి చదివిస్తే మెరుగవుతుందని ఒకరు చెప్పారు, నిజమేనా? – ఒక మేనమామ

సమాధానం: తెలుగుకు డిస్లెక్సియా ఫాంటు దొరకలేదని దిగులు పడకండి. ఇంగ్లీషులో ఉన్నవే ఆశించినంత పని చేయలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన క్రిస్టియన్ బూర్ 2008లో డిస్లెక్సీ అనే ఫాంటు చేశాడు. మీరు దించుకున్న ఓపెన్‌డిస్లెక్సిక్ 2011లో వచ్చింది. అక్షరం అడుగుభాగం లావుగా ఉంటే బి, డి, పి, క్యూ లాంటివి ఒకదానికొకటి తిరగబడినట్టు అనిపించవన్నది రెండింటి వెనకా ఉన్న ఆలోచన. 2016లో డిస్లెక్సీని మామూలు ఏరియల్‌తో పోల్చి పరీక్షించారు. డిస్లెక్సీతో పిల్లలు కాస్త వేగంగా చదివిన మాట నిజమే. కానీ ఏరియల్‌లోనూ అక్షరాల మధ్య, మాటల మధ్య అంతే ఎడం వదిలి చూస్తే ఆ తేడా లేకుండా పోయింది. 2017లో ఓపెన్‌డిస్లెక్సిక్ మీద జరిగిన పరీక్షలో వేగమూ పెరగలేదు, తప్పులూ తగ్గలేదు. పాపకు ఆ ఫాంటు నచ్చితే ఇంగ్లీషు పాఠాలకు వాడుకోండి, నష్టం లేదు. వెర్డానా గానీ ఏరియల్ గానీ 14 పాయింట్లలో, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడంతో ఇచ్చినా అంతే మేలు జరుగుతుంది.

డిస్లెక్సియా కంటికి సంబంధించిన జబ్బు కాదు. చూసిన అక్షరాన్ని దాని శబ్దంతో వెంటనే, అలవోకగా కలపడంలో వచ్చే ఇబ్బంది అది. తెలివికి దానితో సంబంధం లేదని మీ పాప లెక్కలే చెబుతున్నాయి. కాబట్టి అక్షరం బొమ్మ మార్చినంత మాత్రాన పోదు. అయితే శబ్దం పోల్చుకోవడానికే మనసంతా పెట్టాల్సి వచ్చే బిడ్డకు, ఇరుకు పేజీ అదనపు బరువు. పక్కపక్కన ఒత్తుకుని ఉన్న అక్షరాలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అందరికీ ఉండే ఈ ఇబ్బంది డిస్లెక్సియా ఉన్నవాళ్లలో చాలామందికి ఎక్కువ. ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలతో చేసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 14 పాయింట్ల అక్షరాల మధ్య మరో 2.5 పాయింట్లు ఎడం పెంచారు. ముందుగా ఏ శిక్షణా ఇవ్వలేదు. తప్పులు దాదాపు సగానికి తగ్గాయి, వేగం ఐదో వంతుకు పైగా పెరిగింది. మీ చేతిలో ఉన్న అసలు పనిముట్టు ఎడమే. ఫాంటు దాని తర్వాతి మాట.

కానీ ఆ కొలతలు ఒకే వరుసలో పక్కపక్కన నిలబడే లాటిన్ అక్షరాలవి. వాటిని ఉన్నవున్నట్టు తెలుగుకు తెచ్చి అతికిస్తే కుదరదు. మన అక్షరం పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. ‘స్త్రీ’ చూడండి: నడుమ స, నెత్తిన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, దానితోపాటే ర ఒత్తు. ‘శక్తి’లో గుడి కూర్చునేది క మీద, ఆ ఇకారం వినిపించేదేమో త తర్వాత. అంటే చదివే కన్ను నడిమి అక్షరం చూసి, కిందికి దిగి ఒత్తు చూసి, మళ్లీ పైకెక్కి గుణింతం చూసుకోవాలి. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరాల పోలికే ఉండదు. పై వరుసలోని ‘రాష్ట్ర’ కింది ఒత్తులు, కింది వరుసలోని ‘కీర్తి’ పైని గుడిదీర్ఘం దగ్గరగా వచ్చాయంటే, ఏది ఏ వరుసదో తేల్చుకోవడం ఈ పిల్లలకు పెద్ద పనే. మీ పాప వరుసలు దాటడం, ఒత్తులు వదలడం రెండూ అక్కడే మొదలవుతూ ఉండవచ్చు. అందుకే తెలుగులో ముందు పెంచాల్సింది వరుసల మధ్య ఎడం. తర్వాత మాటల మధ్య, ఆ తర్వాతే అక్షరాల మధ్య.

ఇక అను ఫాంట్లు. పెళ్లి పత్రికలకు, కరపత్రాలకు అవి మీ చేతికి అలవాటైనవే కావచ్చు, ఈ పనికి మాత్రం వద్దు. వాటిలో గుడి, కొమ్ము, ఒత్తు చాలావరకు విడివిడి ముక్కలు. ఒక ముక్క వెనక్కి జరిగి ముందు ముక్కకు అతుక్కుంటేనే అక్షరం అవుతుంది. పేజ్‌మేకర్‌లో ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) పెంచితే ముక్కముక్కకూ మధ్య ఎడం పెరిగి, ఒత్తు తన అక్షరం కింది నుంచి జారి పక్క అక్షరం కిందికి పోతుంది. ఏ ఒత్తు ఎవరిదో తెలియక తడబడే బిడ్డకు అంతకన్నా కీడు లేదు. ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే ప్రామాణిక పద్ధతి యూనికోడ్, అందులో కొట్టండి. పాత ఫైళ్లు అను నుంచి మార్చుకుంటే మార్చిన తర్వాత ఒక్కో మాటా చదివి దిద్దండి. మార్పిడిలో ఒత్తులు, పొల్లులే ఎక్కువగా చెడతాయి.

యూనికోడ్ ఫాంట్లలో నోటో శాన్స్ తెలుగు గానీ, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ గానీ తీసుకోండి. మందలి, హింద్ గుంటూరు కూడా చూడవచ్చు. రామభద్ర లాంటి బొద్దు అక్షరాలు, చేతిరాతలా ఒంపులు తిరిగినవి శీర్షికలకే ఉంచండి. గీతలో లావు సన్నం తేడా ఎక్కువగా ఉన్న ఫాంట్లు పుస్తకంలో అందంగానే ఉంటాయి, కానీ జిరాక్స్ తీస్తే సన్నగీతలు ముందు చెరిగిపోతాయి. ఏ ఫాంటు ఎంచుకున్నా ఒక కాగితం మీద ఈ గుంపులు అచ్చేసి చూడండి: ద ధ థ, డ ఢ, బ భ, చ ఛ, ర ఠ, ప ఫ ష, మ య, ఘ ఝ, న స, కి కీ, కె కే, కొ కో. ధ కింది చిన్న గీత, ఠ లోపలి చుక్క, కీ మీది మెలిక చేతిదూరం నుంచి స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే ఆ ఫాంటు ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయండి.

సైజుకు పాయింట్ల లెక్కను నమ్మొద్దు. అదే 16 పాయింట్లలో ఒక తెలుగు ఫాంటు పెద్దదిగా, మరొకటి చిన్నదిగా అచ్చవుతుంది. స్కేలుతో కొలవండి. ‘ప’ తలకట్టుతో కలిపి 4 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నోటో శాన్స్‌లో 18 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే 20కి వెళ్లండి. 24 దాటితే వరుసకు మూడు మాటలే పట్టి వాక్యం తెగిపోతుంది, కాబట్టి ఇంకా ఇంకా పెంచుకుంటూ పోవడంలో లాభం లేదు.

వర్డ్‌లో ఇట్లా పెట్టుకోండి. పారాగ్రాఫ్ సెట్టింగుల్లో లైన్ స్పేసింగ్‌ను ‘ఎగ్జాక్ట్‌లీ’ చేసి 18 పాయింట్ల అక్షరానికి 34 పాయింట్లు ఇవ్వండి. ‘1.5 లైన్స్’ అనే మీట వాడొద్దు. ఫాంటు లోపల ముందే ఉన్న ఎడాన్ని అది ఒకటిన్నర రెట్లు చేస్తుంది కాబట్టి ఒక ఫాంటుకు చాలీచాలకుండా, మరో ఫాంటుకు మరీ ఎక్కువగా వస్తుంది. అచ్చు తీశాక పై వరుస ఒత్తు అడుగుకూ కింది వరుస గుడి నెత్తికీ మధ్య కొలవండి. 3 మిల్లీమీటర్లు తెల్లగా మిగలాలి. ఎగ్జాక్ట్‌లీ విలువ తక్కువైతే స్క్రీను మీద గుళ్ల తలలు తెగినట్టు కనబడతాయి, అప్పుడు రెండేసి పాయింట్లు పెంచుతూ పోండి. పేరాకూ పేరాకూ మధ్య 18 నుంచి 20 పాయింట్లు వదలండి. ఫాంటు సైజు మార్చినా తెలుగు అక్షరం మారకపోతే కంట్రోల్ డి నొక్కి, వచ్చే పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అన్నచోట మార్చాలి.

మాటల మధ్య ఎడానికి కంట్రోల్ హెచ్ తెరిచి, ఒక ఖాళీ ఉన్నచోటల్లా రెండు ఖాళీలు వచ్చేలా మార్చేయండి. అక్షరాల మధ్య ఎడం కంట్రోల్ డి లోనే అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది. స్పేసింగ్‌ను ‘ఎక్స్‌పాండెడ్’ చేసి 1 పాయింటుతో మొదలుపెట్టండి, 2 దాటొద్దు. మాటల మధ్య పెంచకుండా అక్షరాల మధ్యే పెంచితే మాట ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోతుంది. అది ఇరుకు కన్నా చెడు. ఎడం పెంచాక ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, ఉత్సాహం, చంద్రుడు, జ్యోత్స్న’ అని ఒక వరుస అచ్చేసి చూడండి. ఒత్తులు తమ అక్షరం కిందే ఉంటే సరే. మీ వర్డ్ పాతదై ఎక్కడైనా ఒత్తు జరిగినా, పొల్లు విడిపోయినా అక్షరాల ఎడం సున్నాకు తెచ్చి, మిగతా రెండింటితో సరిపెట్టుకోండి.

వరుస పొడవు 12 సెంటీమీటర్లు చాలు. ఏ4 కాగితం మీద స్పైరల్ వేసే ఎడమవైపు 4, కుడివైపు 5 సెంటీమీటర్లు వదిలితే అంతే మిగులుతుంది. అందులో నాలుగైదు మాటలు, సుమారు ఇరవై అయిదు అక్షరాలు పడతాయి. ఇంగ్లీషుకు బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ వరుసకు 60 నుంచి 70 అక్షరాలని సూచిస్తుంది. మన ఒక్కో అక్షరంలో హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి కాబట్టి మనది ఇంచుమించు అదే కొలత అవుతుంది. పేజీకి పదిహేను వరుసలు మించకుండా చూడండి.

జస్టిఫై వద్దే వద్దు. డీటీపీ చేసేవాళ్లకు రెండు అంచులూ సమంగా లేకపోతే పని సగంలో వదిలేసినట్టు ఉంటుంది, ఆ అలవాటు ఇక్కడ పక్కన పెట్టాలి. తెలుగు మాటలు పొడవు, వరుసకు నాలుగైదే పడతాయి. అంచు కలపడానికి మిగిలిన చోటంతా ఆ మూడు నాలుగు ఖాళీల్లోకే పోతుంది. ఒక వరుసలో మాటలు దూరదూరంగా, కింది వరుసలో ఒత్తుకుని ఉంటాయి. ఎడమ అంచు మాత్రం సమంగా ఉంచి, కుడి అంచును ఎక్కడికక్కడ వదిలేయండి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల ఏ వరుస ఎక్కడ ముగిసిందో గుర్తుండి, కన్ను తిరిగి వచ్చేటప్పుడు తప్పిపోదు. పత్రికల కాలమ్‌లలో లాగా మాటను వరుస చివర విరిచి మిగతాది కిందికి తోయడం కూడా వద్దు. ‘చేసు’ అని పైన, ‘కున్నాడు’ అని కింద పడితే పాపకు అవి రెండు తెలియని మాటలు. వీలైతే వరుసను అర్థం తెగే చోటనే తెంపండి: ‘పెన్నా ఒడ్డున ఉన్న’ ఒక వరుస, ‘గండికోట చూడటానికి’ తర్వాతి వరుస.

వాక్యంలో ముఖ్యమైన మాట కింద గీత కొట్టడం బళ్లలో మామూలే. తెలుగులో ఆ గీత సరిగ్గా ఒత్తుల మీదుగా, కొమ్ముల తోకల మీదుగా పోతుంది. ‘క్రమం’లో ర ఒత్తు గీతలో కలిసిపోతే పాప ‘కమం’ అనే చదువుతుంది, తప్పు ఆమెది కాదు. ఇటాలిక్ కూడా వద్దు, కంప్యూటరు అక్షరాన్ని పక్కకు వంచడమే తప్ప తెలుగుకు వేరే వాలు అక్షరాలు చాలా ఫాంట్లలో లేవు. బోల్డ్ పొదుపుగా వాడండి. లావైన కొద్దీ థ, ఠ లోపలి చుక్కలు పూడుకుపోతాయి. ఆ మాట చుట్టూ పలుచని పెట్టె గీయడం మేలు, పైనా కిందా 2 మిల్లీమీటర్లు వదిలి. కొందరు టీచర్లు ఒత్తులన్నీ ఎర్రగా అచ్చువేస్తారు. కొత్త మాటల పట్టికలో అది బాగానే ఉంటుంది. పాఠమంతా అట్లా చేస్తే కన్ను ఎరుపు వెంట పరుగెత్తి మాటను ముక్కలుగా చూస్తుంది.

కాగితం మెరవనిది, 80 జీఎస్ఎం తీసుకోండి. 70 జీఎస్ఎం మీద రెండువైపులా కొడితే వెనక వైపు అచ్చు ముందుకు కనబడుతుంది. ఒకవైపే కొట్టండి. తెలుపు మరీ మెరుస్తోందని పాప అంటే లేత మీగడ రంగు కాగితం ఇవ్వండి. జిరాక్స్‌కు జిరాక్స్ తీసి ఇవ్వొద్దు, ప్రతిసారీ ప్రింటరు నుంచే తీయండి. టోనరు తగ్గినప్పుడు ధ గీత, ఎక్కువైనప్పుడు ఠ చుక్క పోతాయి. పాఠ్యపుస్తకం పేజీని 141 శాతానికి పెంచి ఏ3 మీద తీయడం సులువుగా తోస్తుంది, కానీ అక్షరంతోపాటు వరుస పొడవు కూడా పెరుగుతుంది. ఇరుకు నిష్పత్తి ఎంత ఉందో అంతే ఉంటుంది. బొమ్మల మీద, రంగు నేలమీద అచ్చైన వాక్యాలు అట్లాగే మిగిలిపోతాయి.

పాఠాలన్నీ కొట్టాలన్న ఆలోచన కొంచెం ఆపుకోండి. ఈ కొలతలతో పుస్తకంలోని మూడు పేజీల పాఠం ఎనిమిది తొమ్మిది పేజీలవుతుంది. ఏడాది పాఠాలన్నీ ఒక్కసారి స్పైరల్ చేసి చేతిలో పెడితే ఆ లావు చూసే బిడ్డ బెదురుతుంది. బడిలో వచ్చే వారం చెప్పబోయే పాఠం ఒక్కటే చేయండి. మిగతా రోజుల్లో పుస్తకమే చదవాలి కదా, దానికి ఒక అట్టముక్క చాలు. నల్లటి లేదా ముదురు రంగు అట్టను 20 సెంటీమీటర్ల పొడవున కత్తిరించి, చదివే వరుస కింద ఆనించండి. వరుసను తాకేలా పెడితే ఒత్తులు అట్ట కింద దాగిపోతాయి, ఒత్తు అడుగు కన్నా 2 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. మన రాష్ట్రంలో రెండు భాషల్లో ఇచ్చే పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. తెలుగు చదివేటప్పుడు ఇంగ్లీషు పేజీని మామూలు తెల్లకాగితంతో పూర్తిగా కప్పేయండి.

అచ్చుకు ముందు పాఠం చదివి, సంధులతో పొడవైన మాటలు ఏరి వేరే చీటీ మీద విడదీసి ఇవ్వండి: విద్యార్థులు + అందరికీ = విద్యార్థులందరికీ. పాఠంలో మాత్రం మాటను కలిపే ఉంచాలి, లేకపోతే పరీక్షలో కలిసిన మాటను పోల్చుకోలేదు. పద్యమైతే నాలుగు పాదాలు నాలుగు వరుసల్లో, కింద ఒక వరుస ఖాళీ వదిలి పదవిభాగం, దాని కింద భావం. మూడూ ఒకే పేజీలో పట్టాలి. పద్యం ఒక పేజీలో, భావం వెనక పేజీలో పడితే వెనక్కీ ముందుకీ తిప్పడంలోనే దారి తప్పుతుంది.

ఇవన్నీ చేశాక మీ పాపకు ఏది పనిచేస్తోందో కొలిచి చూడాలి. ‘బాగుందా పాపా?’ అంటే మామ ఇంత కష్టపడ్డాడని బాగుందనే చెబుతుంది. ఆమె తరగతికి తగినవి, ముందు చదవనివి, ఒక్కొక్కటి 70 మాటలుండే ఎనిమిది పేరాలు తీసుకోండి. నాలుగు పుస్తకంలో ఉన్నట్టు, నాలుగు కొత్త పద్ధతిలో అచ్చేయండి. రోజుకు రెండు, ఒక్కో రకం ఒక్కొక్కటి, ఒకే వేళకు చదివించండి. ఈరోజు పాత పద్ధతి ముందైతే రేపు కొత్తది ముందు. ఫోనులో సమయం చూసుకోండి. తప్పులను విడివిడిగా రాయండి: వరుస దాటడం, ఒత్తు వదలడం, దీర్ఘం తప్పడం, మాటకు మాట మార్చడం. నాలుగు రోజుల్లో కనీసం మూడు రోజులు కొత్త పద్ధతే మెరుగైతే అది పనిచేస్తున్నట్టు అనుకోవచ్చు. ఒక్కరోజు బాగా చదివితే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఒక జాగ్రత్త. మన కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో మాట్లాడేటప్పుడు ‘ధనం’ను ‘దనం’ అనీ, ‘భూమి’ని ‘బూమి’ అనీ పలకడం ఇంటింటా ఉన్నదే. పాప అట్లా చదివితే తప్పు కింద రాయొద్దు. ఆమె చెవికి అలవాటైన శబ్దం అది, చూపు తప్పు కాదు.

ఆ తప్పుల రకాలే తర్వాత ఏం చేయాలో చెబుతాయి. వరుస దాటడం తగ్గిందంటే వరుసల ఎడం సరిపోయినట్టు, దాన్ని ఇక కదపొద్దు. ఎడం పెంచినా ఒత్తులు వదలడం తగ్గకపోతే అచ్చులో లోపం లేదు, ఆ ఒత్తులు ఇంకా గట్టిగా పట్టుబడలేదన్న మాట. అప్పుడు పాయింట్లు మార్చుతూ కూర్చోకుండా నేర్పించే పని మొదలుపెట్టాలి. వారానికి రెండు ఒత్తులు, ఒక్కోదానికి అయిదారు మాటలు. ముందు మాటను నోటితో పలికి, శబ్దాలుగా విడదీసి – ‘అమ్మ’ అయితే అ, మ్, మ – ఆ తర్వాత రాసి, చివర చదవాలి. రోజుకు ఇరవై నిమిషాలు, తప్పకుండా. దీర్ఘాలు తప్పుతుంటే ‘కల, కాల’, ‘పలక, పాలక’ లాంటి జంటలతో ముందు చెవికి పని చెప్పండి. ఎంత చక్కటి అచ్చైనా ఈ ఇరవై నిమిషాల పని చేసి పెట్టదు, మా మాటల్లో మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. సాంఘికశాస్త్రం, సైన్సు లాంటి పెద్ద పాఠాలు ఫోనులో తెలుగు గొంతుతో చదివించి వినిపించండి, మీ యూనికోడ్ ఫైలు దానికీ పనికొస్తుంది. చదవడం నెమ్మది అయినంత మాత్రాన విషయం తెలుసుకోవడం ఆగకూడదు.

నీలం షీటు గురించి. దానికి డబ్బు పెట్టకండి. రంగు అద్దాలు, రంగు ఫిల్టర్లు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో కలిసి ప్రకటించాయి. అయితే చూపు పరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే ఒకసారి చేయించండి. డిస్లెక్సియా ఉన్న బిడ్డకు మామూలు దృష్టిదోషం కూడా ఉండకూడదని లేదు. ఉంటే అద్దాలతో ఆ భాగం తీరుతుంది.

బడి సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ఇస్తారు, 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షిస్తారు. కర్నూలులో ఇచ్చిన కాగితం డాక్టరు అభిప్రాయమో, ప్రభుత్వ వైద్య అధికారి ఇచ్చిన ధ్రువపత్రమో చూసుకోండి, రెండూ ఒకటి కావు. ధ్రువపత్రం లేకపోతే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎట్లా తీసుకోవాలో కనుక్కోండి. బెంచ్‌మార్క్ వైకల్యం (40 శాతానికి తగ్గని వైకల్యం) ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే, రాత పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. పదో తరగతి ఇంకా దూరమే, కానీ ఆ కాగితాలు చివరి నిమిషంలో తయారయ్యేవి కావు.

చివరగా, మీరు డీటీపీ చేస్తారు కాబట్టి ఒక మాట. మీ ఊళ్లో బళ్లకు యూనిట్ పరీక్షల ప్రశ్నపత్రాలు మీలాంటి అంగళ్లలోనే కొట్టిస్తారు. కాగితం మిగలాలని రెండు కాలమ్‌లలో, 11 పాయింట్లలో కుక్కుతారు. మీ పాప బడి ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి ఆమె ఒక్కతెకైనా పై కొలతలతో వేరే ప్రతి తీసి ఇవ్వండి. ప్రశ్నలు అవే, మార్కులు అవే. ‘జతపరచండి’ లో ఎడమ, కుడి వరుసల మధ్య 4 సెంటీమీటర్లకు మించి దూరం ఉంటే కన్ను అడ్డంగా వెళ్తూ జారిపోతుంది, 3 సెంటీమీటర్లు చాలు. ఖాళీలు పూరించేచోట గీతను వాక్యం మధ్యలో కాక చివర వచ్చేలా ప్రశ్న అడగమని టీచరుకు చెప్పండి. ‘పెన్నా నది _____ కొండల్లో పుట్టింది’ అని కాకుండా ‘పెన్నా నది పుట్టిన కొండలు: _____’ అని. ఒక ప్రశ్న సగం ఈ పేజీలో, సగం వెనక పేజీలో పడకుండా చూడండి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో నాలుగు జవాబులూ ఒకే వరుసలో కాకుండా ఒకదాని కింద ఒకటి, ప్రతిదాని మధ్య 6 మిల్లీమీటర్లు వదిలి పెట్టండి.